అద్దం కింద నాలుగు నిమిషాలు

జెద్దాలో ఒక లాండ్రీ షాపు వెనక గది. ఏసీ గట్టిగానే వేశారు గానీ, చాంద్ బాషా చొక్కా మాత్రం తడిసి వీపుకి అంటుకుపోయింది.

"టార్గెట్, అబూ సదఫ్ దీవి," అంది ఖాలిదా. బయటికి ఇస్త్రీ బట్టలందించే మనిషి. లోపల మన సీక్రెట్ సర్వీస్‌కి స్టేషన్ చీఫ్. "జిజాన్ తీరం నుంచి గంట ప్రయాణం. ముత్యాల వ్యాపారం ఏనాడో పోయింది. ఇప్పుడు టూరిస్టులొస్తేనే ఆ దీవిలో పొయ్యి వెలిగేది. ఒక్క బోటు మునిగిందా, ఇంకెవడూ రాడు. ఆరు నెలల్లో దీవి ఖాళీ. ఖాళీ దీవిలో ఆయుధాలు దింపుకోవాలని ఒక విదేశీ రింగ్ కాచుక్కూచుంది."

"ఏ బోటు మేడమ్?"

"తెలీదు. అందుకే నువ్వక్కడ గైడువి. రింగ్ లోపల మన ఏజెంట్ ఉంది. 'ఇక్కడ ముత్యాలు దొరుకుతాయా' అని అడుగుతుంది. 'వానొస్తే దొరుకుతాయి' అను. ఎనీ డౌట్స్?"

"నాకు ఈత రాదు మేడమ్."

"గైడుకి కావలసింది నోరు. యూ మే గో."

నోటికేం తక్కువ, రాయచోటివాడికి. దీవిలో దిగిన వారానికే గైడు పనిలోని మొదటి సూత్రం పట్టేశాడు: తెలీదన్న మాట నోట రాకూడదు. ఇంత సముద్రం దాటి ఈ దీవికి జింకలెలా వచ్చాయని అడిగితే, ఆఫ్రికాలో ఎండ తట్టుకోలేక ఈదుకుంటూ వచ్చాయనేవాడు. జనం ఫోన్లు తీసి రికార్డు చేసుకునేవాళ్ళు. అన్ని కోతలు కోస్తూనే ఎవరి సంచి జిప్పు చప్పుడైనా ఉలిక్కిపడేవాడు. ఆఫీసు వాళ్ళు అతని గైడు జెండా కర్రలో దాచిన వైర్‌లెస్ ఉప్పుగాలికి మొదటి వారమే మూగబోయింది. కంగారుకి అదొకటి.

శుక్రవారం పొద్దున పదింటికి అద్దాల బోటు బయల్దేరింది. అడుగున పెద్ద అద్దం, కింద చేపలు. అద్దం గీసుకుపోకుండా చెప్పులు జెట్టీ మీద డబ్బాలో వదిలి ఎక్కాలి. చాంద్ బాషా ఎప్పుడూ తలలు లెక్కపెట్టడు, చెప్పులే లెక్కపెడతాడు. తలలు కదుల్తాయి, చెప్పులు కదలవు. ఇవాళ ఇరవై రెండు జతలు, ఆఖరిది ఒక బూడిద టోపీవాడిది.

నల్ల కళ్ళద్దాలూ ఎర్ర లిప్‌స్టిక్కూ పెట్టుకుని, ట్రావెల్ వీడియోలు తీసే హైదరాబాదీ అమ్మాయొకతె పక్కకొచ్చింది. పేరు మెహజబీన్.

"ఇక్కడ ముత్యాలు దొరుకుతాయా?"

"వానొస్తే దొరుకుతాయి." హమ్మయ్య, మన మనిషే అనుకున్నాడు.

పగడాల దిబ్బ అంచుకొచ్చాక మంచినీళ్ళ సీసాలు పంచాడు. ఒక సీసా మిగిలింది. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఒక్కరే. చెప్పులు వదిలిన బూడిద టోపీవాడు లేడు. బోటు కదలకముందే నీళ్ళలోకి జారుకున్నాడన్నమాట. జారినవాడు ఊరికే జారతాడా?

"ఓ బిడ్డా," అని అద్దం మీదికి వంగింది పోచవ్వ. జెద్దాలో ప్లంబర్ పని చేసే కొడుకు దేవన్నను చూద్దామని నిర్మల్ నుంచి వచ్చిన ముసలమ్మ. "గా డబ్బా ఏంది? ఎర్రగ మినుకుమంటున్నది."

అద్దం అంచున ఇనప చట్రానికి అతుక్కుని ఉంది. 4:00. 3:59. చాంద్ బాషా అరవబోయి ఆగాడు. నిజం చెబితే అందరూ ఒక పక్కకే ఉరుకుతారు, బాంబు కంటే ముందు బోటే తిరగబడుతుంది.

"చేపల్ని లెక్కపెట్టే మిషనవ్వా."

"మరి లెక్క తగ్గుతున్నదేంది?"

"చేపలు ఎల్లిపోతాండాయి గదా."

మెహజబీన్ కళ్ళద్దాలు తీసింది. పెదాల రంగు తప్ప మొహంలో రంగు లేదు. "రేపటి బోటుకన్నారే," అంది గొంతు తగ్గించి.

"అంటే నీకు ముందే తెలుసు."

"నేను రెండు వైపులా పనిచేస్తున్నాను. వాళ్ళకది తెలిసిపోయినట్టుంది. గుండ్రంగా తిప్పితే ఊడొస్తుంది. తప్పు వైపు తిప్పితే అక్కడే పేలుతుంది. నాకు ఈత రాదు."

"నాకు మాత్రం వచ్చా?"

బోటు నడిపే ఫక్రుద్దీన్ చెవిలో రెండు ముక్కలు చెప్పి ఇంజన్ ఆపించాడు. నడుముకి తాడు కట్టుకుని రెండో కొస పోచవ్వ చేతికిచ్చాడు. "అద్దం తుడిచొస్తానవ్వా. తాడు గుంజితే లాగు." మాస్క్ పెట్టుకుని, వచ్చిన దువాలన్నీ చదువుకుని దిగాడు.

చట్రం పట్టుకుని చేతుల మీద పాకాడు. తల పైన అద్దం, అద్దం మీద ఇరవై మొహాలు, నవ్వులు, ఫోన్లు. కాళ్ళ కింద అంతులేని నలుపు. 1:20. డబ్బా పట్టుకున్నాడు. ఎటు తిప్పాలి? కంగారులో అడగనే లేదు.

మెహజబీన్ జనాన్ని తోసుకొచ్చి డబ్బాకి సరిగ్గా పైన, అద్దం మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. లిప్‌స్టిక్‌తో వంకర బాణం గీసింది. అది నిజమో, ఆఖరి మోసమో. చాంద్ బాషా ఆమె బాణాన్ని నమ్మలేదు. ఆమె కూచున్న చోటును నమ్మాడు.

బాణం వైపే తిప్పాడు. డబ్బా ఊడి నల్లటి లోతులోకి జారిపోయింది. తాడు గుంజాడు. బావిలో చేద లాగినట్టు లాగి పడేసింది పోచవ్వ.

"పోనీ," అన్నాడు ఫక్రుద్దీన్‌తో, ఉప్పునీళ్ళు కక్కుతూ. బోటు నాలుగు వందల గజాలు ఉరికిందో లేదో, వెనక సముద్రం తాటిచెట్టంత పైకి లేచి పడింది. బోటంతా తడిసింది. అందరూ గైడు వైపే చూశారు.

"తిమింగలం తుమ్మిందండీ," అన్నాడు చాంద్ బాషా, పళ్ళు టకటకలాడుతుండగా. "దాని ముక్కు తుడవడానికే దిగినా."

చప్పట్లు మోగాయి.

సాయంత్రంలోగా కోస్ట్ గార్డ్ వాళ్ళు బూడిద టోపీవాడినీ, వాడి వెనకున్న నలుగురినీ పట్టుకున్నారు. మెహజబీన్‌ను ఖాలిదా మనుషులు వచ్చి తీసుకెళ్ళారు. వారం తిరగ్గానే దీవి జెట్టీ మీద నిలబడ్డానికి చోటు లేదు. మూడు ఫెర్రీల జనం, సమోసాల బండ్లు, గొడుగుల కింద పిల్లాపాపలు.

చాంద్ బాషా ఫోన్ చేశాడు. "మేడమ్, నన్ను ఎనక్కి పిలిపించుకోండి."

"ఎందుకు? రింగ్ క్లోజ్. దీవి కళకళలాడుతోంది. ఇంకేం భయం?"

"ఈళ్ళంతా తుమ్ము చూడ్డానికొచ్చినారు మేడమ్. బోటు యజమాని కఫీల్ రోజూ పదింటికని బోర్డు పెట్టినాడు. ఇప్పుడు తొమ్మిదీ యాభై."