వంగమొక్కల పొరుగు

దీపం ఎర్రగానే ఉంది. నూకరత్నం మడి చుట్టూ ఇంకోసారి తిరిగొచ్చి చూసింది. ఎర్రగానే ఉంది.

"అలా తిరిగితే మారదు మామ్మగారూ. కూర్చోండి," అంది డాక్టర్ మెహరున్నీసా.

"కూర్చుంటే మారుతుందా?"

కాకినాడ నేల ఉప్పెక్కిపోయాక ఊళ్లో కూరగాయలన్నీ మేడలెక్కాయి. మెహరున్నీసా చేసిన యంత్రం ఆ మేడల కోసమే. మొక్కలకు నోరు లేదు గానీ ఊరుకోవు. ఆకుల్లోంచి రకరకాల వాసనలు వదులుతుంటాయి, మన ముక్కుకి అందనివి కూడా. పురుగు పడితే ఒకటి, పక్క మొక్క నచ్చితే ఒకటి, నచ్చకపోతే ఇంకొకటి. యంత్రం వాటిని సెన్సర్లతో పీల్చి, ఏ మొక్కకి ఏ పొరుగు కావాలో స్క్రీన్ మీద చెబుతుంది. మొక్క కులాసాగా ఉంటే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. ఆవిడ దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు పెట్టుకుంది. మేడ మీద అందరూ 'ముక్కు' అన్నారు.

నూకరత్నం మడిలో ఉన్నవి ముళ్ల వంగమొక్కలు. అత్తగారి చేతి విత్తనం. డబ్బాలో గింజ మిగల్లేదు, ఉన్నదంతా ఈ మడిలోనే. తెల్లదోమ పట్టి ఆకులు పండిపోతున్నాయి. ఇవి కాయకుండా పోతే ఆ వంకాయ ఇంక లేనట్టే.

"బంతి పొరుగు కావాలంటోంది," స్క్రీన్ చూసి చెప్పింది మెహరున్నీసా. "దగ్గర్లోనే ఉందట. ఈ రేకు గోడ అవతల."

నూకరత్నం మొహం తిప్పుకుంది. రేకు అవతల మడి బుల్లెమ్మది. ఎప్పుడో ఒకనాడు బుల్లెమ్మ ఉప్పుని గిన్నెలో పెట్టకుండా నేరుగా ఈవిడ అరచేతిలో పోసింది. ఉప్పు చేతికిస్తే తగువొస్తుందని తెలియని మనిషా? ఆ సాయంత్రమే కుళాయి దగ్గర మాటామాటా వచ్చింది. అప్పట్నుంచి మాటల్లేవు. ఆ రేకు నూకరత్నం కట్టించిందే.

"వేరే బంతి తెచ్చి పాతితే?"

"అది పెరిగేలోపు ఇవి ఉండవు మామ్మగారూ."

రేకు తీశారు. మర్నాటినుంచి మేడ మీద ఒకటే గోల. మనుషులు మాట్లాడుకోరు కనక మొక్కలతో మాట్లాడేవారు.

"ఒసే బంతీ, కొందరి మడి వంక చూడకే, కళ్లు పోతాయి," అనేది బుల్లెమ్మ, కోపంకొద్దీ బంతి ఆకులు గిల్లేస్తూ.

"ఏవే వంకాయా, నీళ్లు సగం కాళ్ల మీదే పోసుకునేవాళ్లకి తోటెందుకే," అనేది నూకరత్నం.

దీపం పచ్చబడింది. పిందెలు పడ్డాయి.

ఒకరోజు బుల్లెమ్మ అంది: "ఒసే బంతీ, ఆ వంకాయకి ముళ్లెందుకో తెలుసా? ఆవిడ ముద్దు పెట్టుకుంటుందని భయమే."

నూకరత్నానికి నవ్వాగలేదు. అవతలావిడా నవ్వేసింది. "కాఫీ తాగుతావా వదినా" అని ముందు ఎవరన్నారో ఇద్దరూ ఒప్పుకోరు. అప్పట్నుంచి పొద్దున్నే రెండు గ్లాసులు మేడెక్కేవి. ఇన్నేళ్లూ చెప్పుకునే మనిషి లేక కడుపులో ఉండిపోయిన కబుర్లన్నీ నూకరత్నం వరసగా బయటపెట్టింది.

దీపం మళ్లీ ఎర్రబడింది.

'ముక్కు' దాచుకున్న డేటా అంతా తిరగేసి వచ్చింది మెహరున్నీసా. "ఎలా చెప్పాలో తెలియడం లేదు. బుల్లెమ్మగారు కోపంలో ఆకులు గిల్లినప్పుడే బంతి ఘాటుగా వాసన వదిలేది. దానికే తెల్లదోమ పారిపోయేది. ఇప్పుడు ఆవిడ చేతిలో గ్లాసుంటోంది."

"అంతేగా, గిల్లుతాను," అంది బుల్లెమ్మ.

గిల్లింది. దీపం మారలేదు. తర్వాత రబ్బరు వేళ్లున్న రోబో చెయ్యి కూడా బిగించారు. వేళ ప్రకారం గిల్లితే మొక్క అలవాటుపడిపోయింది. వేళలు మార్చినా, ఒకేలా నలిపే వేళ్లని గుర్తుపట్టేసింది. కోపం అలా కాదు. ఎప్పుడొస్తుందో, ఎంత గట్టిగా వస్తుందో తెలియదు. బంతి ఉలిక్కిపడేది దానికే.

"పోనీ, తిట్టుకుంటారా?" అడిగింది మెహరున్నీసా తల దించుకుని.

ప్రయత్నించారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వుల మధ్యే వంగమొక్కలు ఒకటొకటిగా వాలిపోతూ వచ్చాయి. నూకరత్నం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండిపోయింది.

చివరికి ఒక పొద్దున, మెహరున్నీసా స్క్రీన్ దగ్గర ఉండగానే, గ్లాసులు పిట్టగోడ మీద పెట్టి కొంగు ముడి విప్పింది.

"చెయ్యి పట్టు వదినా."

బుల్లెమ్మ పట్టింది. అరచేతిలో ఉప్పు పడింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"తెలిసే పోశావా?"

"తెలిసే పోశాను."

"నాకంటే నీకు వంకాయలే ఎక్కువా?"

నూకరత్నం కొంగు మళ్లీ ముడేసుకుంది. బుల్లెమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని, వెనక్కి తిరిగి, బంతి రెమ్మని గుప్పెటతో నలిపేసింది.

"ఒసే బంతీ," అంది, "మనుషుల్ని నమ్మకే."

ఘాటు గుప్పుమంది. దీపం పచ్చబడింది.

"ఉప్పులో కెమిస్ట్రీ ఏమీ లేదు మామ్మగారూ," అంది మెహరున్నీసా, స్క్రీన్ నుంచి కళ్లు తిప్పకుండా. ఏదో ఒకటి చెయ్యాలని పిట్టగోడ మీది రెండో గ్లాసు అందుకోబోయింది.

"అది నీది కాదమ్మా," అంది నూకరత్నం.