పిండి పడని తమ్ముడు

ఆ ఇంట్లో కింద రొట్టెల దుకాణం, పైన కాపురం. రోజూలాగే ఆ ఉదయం కూడా పిండి కలిపే చప్పుడుతోనే ఇల్లు లేచింది. దుకాణానికి యజమాని అన్న. కోపం వస్తే ఎదురుగా ఉన్నవాడు మాడిపోవలసిందే కనుక పనివాళ్ళు అతణ్ణి చాటుగా 'పొయ్యి' అనుకునేవారు.

అతని దగ్గరే పనిచేసే తమ్ముడికి గోధుమ పడదని డాక్టరు తేల్చి కొన్నాళ్ళయింది. గోధుమలోని గ్లూటెన్ ఏళ్ళ తరబడి పేగు లోపలి పొరను పాడుచేసిందట. తిన్న తిండిలోని మెగ్నీషియం ఒంటికి పట్టడం లేదట. పిక్కలు పట్టేయడం, వేళ్ళు వణకడం అందుకేనట. గోధుమ మానేసి మెగ్నీషియం మాత్రలు వాడమన్నాడు.

అన్నకు ఇదంతా పని ఎగ్గొట్టే ఎత్తులా తోచింది. "చేపకి నీళ్ళు పడవంటే నమ్మమంటావా?" అంటూ మాత్రల డబ్బా లాక్కుని నిప్పుల్లోకి విసిరాడు. మళ్ళీ కొంటే మళ్ళీ రభసే అని తమ్ముడు ఊరుకున్నాడు.

ఆ ఉదయం రొట్టెలు కాల్చే వేడి రేకు దించుతుంటే తమ్ముడి వేళ్ళు కొంకర్లు పోయాయి. రేకు జారి అన్న పాదం మీద పడింది. మరుక్షణమే తమ్ముడి చెంప పగిలింది.

"ఇక చాలించు నీ నటన."

"నటన కాదన్నయ్యా. చేతులు నా మాట వినడం లేదు."

"నా మాట వింటాయిలే."

మెడ పట్టి గోడకేసి కొట్టాడు. బస్తా చిరిగి పిండి దుమ్ము లేచింది. చేతికందిన కర్రతెడ్డుతో భుజం మీద బాదాడు. తెడ్డు విరిగింది. చప్పుడుకు మెట్లు దిగివచ్చిన వదిన అడ్డుపడితే, అన్న ఆమెను తోసేశాడు. బల్ల అంచు తగిలి ఆమె కూలబడింది.

అది చూసి తమ్ముడు జన్మలో మొదటిసారి అన్న మీద చెయ్యెత్తాడు. ఒక్క గుద్దుకు అన్న పెదవి చిట్లి నోరంతా రక్తమైంది. కానీ బిగిసిన ఆ పిడికిలి మళ్ళీ విచ్చుకోలేదు. ఒళ్ళంతా కొయ్యబారి తమ్ముడు నిలువునా పడ్డాడు. ఫిట్సు. తల టపటపా నేలకు కొట్టుకుంటోంది.

"చంపుకున్నావా? తృప్తేనా?" అంది వదిన.

అన్న చేతిలోని విరిగిన కర్ర జారిపోయింది. మోకాళ్ళ మీద పడి ఆ తల కింద తన అరచెయ్యి పెట్టాడు. వేళ్ళు నలిగిపోతున్నా తియ్యలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "మెగ్నీషియం బాగా పడిపోయింది. అంత తగ్గితే ఫిట్సు వస్తాయి. సెలైన్‌లో ఎక్కిస్తున్నాం. మాత్రలు ఎందుకు ఆపేశాడు?"

"నేనే పడేశానమ్మా," అన్నాడు అన్న నేల చూస్తూ.

"గోధుమ తినకపోతే సరిపోదు. పిండి దుమ్ములో ఉంటే అది నోట్లోకి పోతూనే ఉంటుంది. పేగు కోలుకునేదాకా మేం చెప్పినట్టు మాత్రలు వాడాలి, రక్తపరీక్షలు చేయించాలి." ఆమె ఒక్క క్షణం ఆగింది. "భుజం మీద వాత మాత్రం మెగ్నీషియం తగ్గి వచ్చింది కాదు."

తమ్ముడు కళ్ళు తెరిచాక అన్న మంచం దగ్గరకు జరిగాడు. "ఇక దుకాణంలోకి రావద్దురా."

"వెళ్ళగొడుతున్నావా?"

"పిండి లేని పని చూసుకో. నీ వాటా ఎక్కడికీ పోదు. ఇల్లు నీదే." అన్న చూపు ఆ భుజం మీది వాత మీద పడింది. "కొట్టానురా నిన్ను."

"దెబ్బలదేముందన్నయ్యా. నొప్పంటే నమ్మలేదు చూడు, అదీ బాధ."

వదిన నడుం పట్టుకుని లేచింది. "మీ ఇద్దరి సంగతీ సరే. మళ్ళీ ఎవరి మీదైనా నీ చెయ్యి లేచిందా, ఆ ఇంట్లో నువ్వొక్కడివే మిగులుతావు. అప్పుడు గోడల్ని కొట్టుకో."

అన్న తల దించుకుని విన్నాడు.

అంతలో తమ్ముడి పిక్క మళ్ళీ పట్టేసింది. పళ్ళ బిగువున మూలిగాడు. అన్న లేచి కుళాయి దగ్గరకు వెళ్ళి, అంటిన పిండి పోయేదాకా మోచేతుల వరకూ రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని పిక్క నొక్కసాగాడు.

"మెల్లగా అన్నయ్యా."

"మెల్లగానేరా," అన్నాడు అన్న. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే కారనిచ్చాడు.