పెదబాపు గడిలో బాపు పేరు

అది 2009. దమ్మపేట దగ్గరి ఆ తండాలో రోజూలాగే తెల్లారింది. ద్వాలి పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతోంది. కూతురు భార్గవి జడ వేసుకుంటూ గడియారం వైపే చూస్తోంది. సత్తుపల్లి బస్సు పోతే మళ్ళీ గంటన్నర దాకా ఇంకోటి లేదు.

“తిని పో బిడ్డా. ఆ కంప్యూటర్ ఏమన్న పారిపోతదా?”

“అది పారిపోదు యాడీ. మా ఓనరు తిడతడు.”

యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఆమె నవ్వబోయేంతలో పూల్‌సింగ్ వచ్చాడు. ద్వాలి భర్త లాల్‌సింగ్‌కు సొంత అన్న, భార్గవికి పెదబాపు, అంటే పెదనాన్న. చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు! ఇన్నేళ్ళలో ఎన్నడైనా అట్లా వచ్చిన మనిషేనా? ద్వాలి గబుక్కున కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవారకు జరిగింది. బావ ముందు ముఖం చూపించదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆ ఇళ్ళలో పద్ధతి అంతే.

పూల్‌సింగ్ చేతిలో పొలాల హద్దులు గీసిన నక్షా ఉంది. పోడు భూములకు పట్టాలిస్తామని కొలిచి, భార్గవి పనిచేసే షాపులోనే గీయించారు. బడి గోడకు అంటించిన కాగితాన్ని పీక్కొచ్చినట్టున్నాడు, మూలలకు మైదా ఇంకా తడిగానే ఉంది.

“చదువు బిడ్డా. వాగు పక్క నా పొలం చెక్క ఎవరి పేరు మీద ఉంది? బడి సారు చదివిండు గని నాకు నమ్మబుద్ధి కాలె.”

భార్గవి చూసింది. వాగు పక్కన రెండు చెక్కలు, ఒకటి బాపుది, ఒకటి పెదబాపుది. రెండు గడుల్లోనూ ఒకటే పేరు. లాల్‌సింగ్. లాల్‌సింగ్. అయ్యో దేవుడా! రెంటి మీదా వేలు పెట్టి ఆ పేరే చదివింది. పూల్‌సింగ్ మంచం మీదున్న తమ్ముడి వైపు తిరిగాడు.

“ఏందిరా తమ్మీ ఇది? ఇద్దరం కలిసి మొద్దులు పెరికినం. ఇయ్యాల పగటిపూట గ్రామసభల వేలిముద్రలు పడితే ఇగ ఇదే ఖాయం. నా నేల నీ పేరు మీదికి ఎట్ల పోయింది?”

లాల్‌సింగ్ కాగితం చూశాడు. చదువు రాదు కాబట్టి దాన్ని వదిలేసి కూతురి ముఖం చూశాడు. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకు అర్థమైపోయింది.

“అవ్ అన్నా. నేనే రాయించిన.”

భార్గవి ఉలిక్కిపడి తండ్రి వైపు తిరిగింది. చీమకైనా హాని తలపెట్టని మనిషి, ఆ మాట ఎట్లా అన్నాడు? పూల్‌సింగ్ ఆ కాగితం లాక్కుని మడిచాడు.

“ఇగ నేను చస్తే నా పాడె మొయ్యనీకి గూడ రాకు,” అని గుమ్మం వైపు తిరిగాడు.

అప్పుడు తట్టింది భార్గవికి. ఆడపిల్లకు కంప్యూటర్ పని ఏందని తండా పెద్దలు నవ్వినప్పుడు, “ఆ పిల్లకు నేను జామీను” అని నిలబడింది ఈ పెదబాపే. ఇప్పుడు పిల్లకే పని రాదని తేలితే? అందుకే బాపు ఆ నింద తన నెత్తిన వేసుకున్నాడు.

“అబద్ధం పెదబాపూ! తప్పు నాది!” అని అడ్డం పడింది. “అన్ని చెక్కలకు సరిపోయే బొమ్మ ఒకటే చేసి, దాంట్ల పేర్లకు గడులు పెట్టిన. దాన్ని ఎక్కడ పెట్టినా కంప్యూటర్ పేరు అడుగుతది. ఏం కొట్టకుండ ఎంటర్ నొక్కితే, మొదలు రాసిపెట్టిన పేరే పడతది.”

“మొదలు ఎవరి పేరు రాసినవ్?”

“బాపుది. పని నేర్చినంక మొట్టమొదటి పేరు ఇంకెవరిది రాస్త పెదబాపూ? అందరి పేర్లు లిస్టు చూసి కొట్టిన. మన రెండు చెక్కలకు లిస్టెందుకని, చూడకుండ రెంటికీ ఎంటరే నొక్కిన.” ఏడుపు ఆగలేదు.

గోడవార నుంచి ద్వాలి గొంతు వినిపించింది. “భార్గవీ, మీ పెదబాపును అడుగు. సంతకం పెట్టరానోడు నేనే రాయించిన అంటే ఎట్ల నమ్మిండో అడుగు.”

మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. పూల్‌సింగ్ వచ్చి తమ్ముడి భుజం పట్టుకుని ఊపేశాడు.

“ఎందుకట్లన్నవ్ రా?”

“దొంగ అన్న పేరు నాతోనే పోతది. పని రాదన్న పేరొస్తే పిల్ల ఎట్ల బతుకుతది అన్నా?”

“ఓరి పిచ్చోడా! జామీను నేనుండగ ఆ మాట నాతోని గదరా అనాలె. నిన్ను దొంగను చేసిన, మాఫ్ చెయ్!” పెద్దాయన బావురుమన్నాడు.

సభ మొదలుకాకముందే కొత్త కాగితం తేవాలని ముగ్గురూ కలిసే సత్తుపల్లి బస్సెక్కారు. సభలో తప్పు తనదేనని తానే చెప్తానంది భార్గవి. షాపులో ఆ గడి మీద రెండుసార్లు నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంది. పేరు చెరిపి ‘పూల్‌సింగ్’ అని కొట్టి, పైకి చదివి వినిపించింది.

“కింద ఇంకో పేరున్నట్టుంది. అది గూడ మార్చాలెనా?” అన్నాడు పూల్‌సింగ్ కంగారుగా.

“అది తండ్రి పేరు పెదబాపూ. హరిలాల్. అది మార్చేది లేదు.”

పూల్‌సింగ్ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. షాపులో అందరూ చూస్తున్నా, ఆ ఇద్దరూ కళ్ళు తుడుచుకోలేదు.