ఈ పళ్ళు ఎవరి వైపువి?

ఈ వయసులోనూ నా నోట్లో ముప్పైరెండు పళ్ళూ ఉన్నాయి, నమ్మండి. కుర్రతనంలో గోడలో దిగిన మేకును పళ్ళతోనే పీకేవాణ్ణి. అంచేత మా ఇంట్లో పళ్ళ గొడవ రేగితే పెద్దరికం నాదే.

ఆ రోజు పొద్దున మా ఆవిడ మనవరాలికి జడ వేస్తూ పాత పాటే ఎత్తుకుంది.

"నవ్వకే తల్లీ, నోటినిండా పలుగురాళ్ళు! మా వైపు ఇలాంటి పళ్ళు లేవు. అన్నీ మీ అమ్మ పుట్టింటివే."

కుట్టుమిషను చప్పుడు టక్కున ఆగింది. పిల్లకు పాలపళ్ళు ఊడిన దగ్గర్నుంచీ ఆ మాట దిగమింగుతున్న కోడలు లేచి చెప్పులేసుకుంది.

"పదండి. మొన్న డాక్టరమ్మ చెప్పినట్టు దీని పళ్ళు నాలుగు పీకించి, తీగ కట్టించేద్దాం. ఈ గోల వదులుతుంది."

"నాకొద్దు," అంది పిల్ల. ఎవరు విన్నారు గనక!

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల నోరు మళ్ళీ చూసింది. "పళ్ళు గట్టివే. వెడల్పు ఎక్కువ, దవడ చిన్నది. పంటి కొలత చాలామటుకు వంశాన్ని బట్టే వస్తుంది. చోటు కోసం నాలుగు తీయాలి."

"నే చెప్పలా!" అంది మా ఆవిడ.

కోడలు పళ్ళు కొరికింది. "అందరివీ కొలవండి డాక్టరుగారూ. కొలవకుండా నేను చేతిరుమాలు కూడా కత్తిరించను."

పెద్దవాణ్ణి కదా, ముందు నేనే కూర్చున్నాను. డాక్టరమ్మ అలా ముట్టుకుందో లేదో, పళ్ళసెట్టు ఊడి ఆవిడ చేతిలో పడింది. సరేనండీ, చేయించుకున్నవైనా నావి నావే కదా! మేకు సంగతి మరిచిపోండి.

కోడలి దవడ చిన్నదే, కానీ ముందరి పన్ను ఎనిమిది మిల్లీమీటర్లు. పిల్లది పది.

"ఇక మీరు, అత్తయ్యా."

"నేను నోరు తెరవను."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ మూసింది లేదు, ఇవాళేం వచ్చింది?" అన్నాను.

"మీరూరుకోండి!" అని అరవడంతో నోరు తెరుచుకోనే తెరుచుకుంది. కొలిస్తే పది. అంటే దవడ కోడలిది, పళ్ళు అత్తవి. ఆ పసిదాని నోట్లో కూడా అత్తాకోడళ్ళు చోటు కోసం తోసుకుంటున్నారన్నమాట.

"మీవి నాలుగు లేవేం?" అంది డాక్టరమ్మ.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ పళ్ళకు పెళ్ళి కాదని మా నాన్న పీకించాడు. గట్టి పళ్ళే. నన్నొక్క మాట అడగలేదు."

పిల్ల కుర్చీలోంచి దూకింది. "అయితే నన్నడగండి! నోరు నాది. నేను తీయించుకోను. నవ్వుతాను కూడా. చూడలేనివాళ్ళు కళ్ళు మూసుకోండి!"

కోడలు పిల్ల చెయ్యి పట్టుకుంది. "నీ కోసం కాదమ్మా... ఆవిడ నోరు మూయించడానికి నీ పళ్ళు పీకించబోయాను." డాక్టరమ్మ వైపు తిరిగింది. "తీయకపోతే ప్రమాదమా?"

"ఇప్పటికైతే లేదు. శుభ్రంగా తోముకోవాలి. తనకు కావాలనిపించిన రోజున రమ్మనండి."

"తనకు కావాలనిపిస్తేనే వస్తాం," అంది కోడలు.

"ఆ పళ్ళు మావే," అంది మా ఆవిడ, గది బయటివాళ్ళకు కూడా వినపడేలా. "ఎవడేమంటాడో అననీ!"

అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని, వెక్కివెక్కి ఏడుస్తూ మెట్లు దిగారు.

ఇందులో ఇంకొకటి కూడా నా కల్పన. వాళ్ళిద్దరూ ఏడవలేదు. తలెత్తుకుని టకటకా దిగిపోయారు. వెనకాల ఏడుస్తూ దిగింది నేను.