పిండిబొమ్మ చేతిలో తాబేలు

పాలలో కలుపుకునే ఆ పొడి డబ్బా ఇంటికొచ్చిన రోజు అనూరాధకి పండగే. మూత తీయడం ఆలస్యం, మోచేతి దాకా పొడిలోకి చెయ్యి పోనిచ్చి తడిమేది. వేళ్లకి గట్టిగా ఏదో తగలగానే కళ్లు మూసుకునేది. పీతా? ఆక్టోపస్సా? డబ్బాకొకటి ఉచితంగా వచ్చే ఆ ప్లాస్టిక్ సముద్రజీవి బొమ్మతో పాటు ఒక కార్డు కూడా ఉండేది. ఆ జీవి ఎక్కడుంటుందో, ఏం తింటుందో, ఎన్నేళ్లు బతుకుతుందో అందులో రాసుండేది. తండ్రి అర్జునరావు బోటు మీద వేటకెళ్లే మనిషి. "సముద్రంలో ఉన్నయ్యన్నీ నాను తెత్తంటే, డబ్బాలో ఉన్నయి కావాలేటే నీకు?" అని నవ్వేవాడు. నవ్వుతూనే కొనేవాడు, చదువుకి పనికొస్తాయని. ఆ ఏడు, అంటే 1998లో, జాలారిపేట పిల్లలందరికీ అదే పిచ్చి. ఎవరి బొమ్మ ఎవరిదో తెలియడానికి అడుగున మేకుతో పేరులో మొదటి అక్షరం గీసుకునేవారు.

అనూరాధ దగ్గర అన్నీ ఉన్నాయి, తిమింగలం తప్ప. అది పక్కింటి నూకాలు దగ్గరుంది. అరచేతిలో ఇమిడే నీలం తిమింగలం. నూకాలు దాన్ని ఊరించి చూపించేది, ముట్టుకోనిచ్చేది కాదు. కార్డు మాత్రం పైకి చదివేది: "తిమింగలం చేప కాదు. పిల్లకి పాలిచ్చి పెంచుతుంది."

"తాబేలూ, పీతా... రెండూ ఇచ్చెత్తానే. అదొక్కటీ ఇయ్యే" అని అనూరాధ బతిమాలింది. నూకాలు మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆ వానాకాలం ఒడ్డున ఆడుకుంటున్న నూకాల్ని అల లాగేసింది. శవం దొరకలేదు. అనూరాధ ఏడ్చింది. ఏడుస్తూనే, తిమింగలం ఇప్పుడెవరికి, అనుకుంది. ఆశకి సిగ్గూ ఎగ్గూ ఉంటాయా?

శవం దొరకని వాళ్లకి ఆ పేటలో ఒక పద్ధతుంది. బియ్యప్పిండితో మనిషి బొమ్మ చేసి, పోయినవాళ్ల వస్తువొకటి చేతిలో పెట్టి, చిన్న తెప్ప మీద గంగమ్మకి వదులుతారు. బొమ్మ చేసింది అనూరాధ నాయనమ్మ పోతమ్మే. నూకాలు తల్లి వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ఆ పిండి చేతిలో తిమింగలాన్ని పెట్టి పసుపు గుడ్డ కప్పింది. పెద్దవాళ్లు తెప్ప కట్టడానికి బయటికెళ్లారు. చేటలో బొమ్మ. పక్కన అనూరాధ ఒక్కతే.

చచ్చిపోయిన పిల్లకి బొమ్మలెందుకు?

గుడ్డ ఎత్తి తిమింగలాన్ని లాగేసింది. చెయ్యి ఖాళీగా ఉంటే దొరికిపోతానని తన తాబేల్ని ఆ పిండిలోకి నొక్కింది. పిండి చల్లగా, తడిగా, అచ్చం చెయ్యిలాగే ఉంది. గబగబా గుడ్డ కప్పేసింది.

తెప్ప అలలు దాటుతుంటే నాయనమ్మ పక్కన చేరి గుసగుసగా అడిగింది. "సేతిలో వస్తువెందుకే నాయనమ్మా?"

"గంగమ్మకి మొకాలు తెల్దే. సేతిలో ఎవుల గురుతుంటే ఆలే ఆయమ్మ పిల్ల. మిగిల్నోల్లని ఒగ్గేత్తాది."

తాబేలు అడుగున 'అ' ఉంది. అనూరాధ సముద్రం కేసి తిరిగింది. తెప్ప అప్పటికే కనబడటం లేదు.

ఇంటికొచ్చేసరికి మునిమాపు. కరెంటు పోయింది. కిరసనాయిలు దీపం పొగ, ఎండుచేపల పులుసు వాసన. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. టప్... టప్... అమ్మ కంచాలు పెట్టింది. తమ్ముడు సింహాద్రికి ముద్దలు కలిపి పెడుతోంది. అనూరాధకి కంచం లేదు.

"అమ్మా..."

అమ్మ తలెత్తి, ఆమె మీంచి గుమ్మం కేసి చూసింది. "సీకటడిపోనాది. ఈ గుంట ఇంకా రానేదేటి?"

"నానిక్కడే ఉన్నానమ్మా!"

చెయ్యి పట్టుకుంది. అమ్మ చలేసినట్టు భుజం విదిల్చింది. అంతే.

అప్పుడే పక్కింట్లోంచి వరహాలమ్మ కేక. "నా తల్లి వచ్చీసింది! నా నూకాలొచ్చీసింది!"

పేటంతా పరిగెత్తింది. ఏదో బోటు వాళ్లు తెచ్చారన్నారు. ఏ బోటో ఎవరూ అడగలేదు. తల్లి ఒళ్లో నూకాలు కూర్చునుంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఎంత తుడిచినా... కారుతూనే ఉన్నాయి. అంతమందిలో అది అనూరాధనే చూసింది.

"నాది నాకిచ్చీ."

అనూరాధ తిమింగలాన్ని ఇచ్చేసింది. "మరి నాను... నానెలాగ రావాలే?"

నూకాలు ఆమె చెవిలో అంది. "నాలాగే. నీ పిండిబొమ్మ సేతిలో ఇంకొకల గురుతుండాల."

అనూరాధ కోసం ఒడ్డంతా వెతికారు. తెప్ప వదిలినప్పుడు అలకి పోయుంటుందన్నారు. ఏడ్చి ఏడ్చి అమ్మ గొంతు పోయింది. అనూరాధ ఆ పక్కనే కూర్చునేది. ఆకలి లేదు, నిద్ర లేదు. అమ్మ ఒడి కావాలి, అంతే. ఆ ఒడిలో ఎప్పుడూ సింహాద్రే ఉండేవాడు.

పోతమ్మ మళ్లీ పిండి కలిపింది. అమ్మ బొమ్మల డబ్బా తెరిచి, కూతురు ముద్దుచేసుకునే బూడిదరంగు డాల్ఫిన్ని తీసి, ముద్దుపెట్టుకుని, పిండి చేతిలో పెట్టింది. అనూరాధ వంగి చూసింది. అడుగున తను గీసుకున్న 'అ' లేదు. చెక్కేసి ఉంది. దాని మీద వంకరగా, కొత్తగా... 'సి'.

సింహాద్రికి నాలుగేళ్లు. వాడికింకా అక్షరాలు రావు.

అనూరాధ తన చేతులు చూసుకుంది. గోళ్లలో బూడిదరంగు పొడి. అదెలా వచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అరిచి చెబుదామనుకుంది. చెప్పలేదు.

అమ్మ చంకలోంచి సింహాద్రి మెడ తిప్పి సూటిగా ఆమెనే చూశాడు. "అప్పా..." అని అక్క కేసి రెండు చేతులూ చాపాడు. అనూరాధ మొహం తిప్పేసుకుంది.

తెప్ప అలలు దాటింది. అన్నాళ్ల తరవాత అనూరాధకి ఆకలేసింది.