పచ్చరాతి మారామ

తూర్పు సముద్రపు ఒడ్డున వేలాపురి అనే రాజ్యం ఉండేది పిల్లలూ. దాని రాజు కీర్తిధరుడు మంచివాడే. ఆయనకున్నది ఒక్కటే పిచ్చి, వింత వస్తువులు పోగుచెయ్యడం. ఏ దేశపు ఓడ వచ్చినా తానే రేవుకు వెళ్ళి, "కొత్తది ఏం తెచ్చారు?" అని అడిగేవాడు. కోట పక్కన వింతలశాల కట్టించి, వచ్చిన ప్రతి వస్తువునూ పెట్టెలో పెట్టి తాళం వేయించేవాడు.

ఒక ఏడాది రత్నాకరుడనే వర్తకుడు దక్షిణ సముద్రం చివరనున్న మావోరీల దీవి నుంచి మూడు వస్తువులు తెచ్చాడు. ఒకటి మనిషి ఆకారంలో చెక్కిన పచ్చరాతి పతకం. రెండోది పక్షి ఈకలు కలిపి నేసిన శాలువా. మూడోది జానెడు కూడా లేని ఎముక పిల్లనగ్రోవి.

అవి శాలలోకి వెళ్ళిన వారానికే రాజ్యానికి కష్టం వచ్చింది. చనిపోయిన తమవాళ్ళ పేర్లను జనం మరిచిపోసాగారు. తద్దినం పెట్టడానికి కూర్చున్నవాళ్ళు తండ్రి పేరు దగ్గర ఆగిపోయి పురోహితుడి మొహం చూసేవారు. పురోహితుడికి తన తాత పేరే గుర్తులేదు.

"దూరదేశపు దేవతలకు ఆకలిగా ఉన్నట్టుంది. నైవేద్యం పెట్టండి" అన్నారు పెద్దలు. రోజూ రెండు పూటలా పులిహోర, పాయసం వండి పతకమున్న పెట్టె ముందుంచి హారతి ఇచ్చారు. పెట్టినకొద్దీ మరుపు పెరిగింది.

ఆ రేవులోనే తెడ్లు చెక్కే దూలయ్యకు నూకాలు ఒక్కతే కూతురు. పదిహేనేళ్ళ పిల్ల. తల్లి పోయి రెండేళ్ళయింది. ఒక ఉదయం తండ్రి ఉలి పక్కన పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆమె చూసింది.

"ఏటైంది నాన్నా?"

"మీ అమ్మ పేరేటే?" అన్నాడు దూలయ్య.

నూకాలు నోరు తెరిచింది. పేరు రాలేదు. ఇంకొన్నాళ్ళు పోతే ఆ ముఖం కూడా పోతుందని ఆమెకు అర్థమైంది. అప్పటికప్పుడే కోటకు నడిచింది.

"మారాజా, ఆ మూడూ నాకివ్వండి. ఎక్కడివో అక్కడికే అట్టుకెల్తాను. ఇలాగెందుకవుతోందో ఆళ్ళనే అడుగుతాను."

"నా నావికులే భయపడుతున్నారు. నువ్వు వెళ్ళగలవా?"

"మీ అమ్మగారి పేరు మీకు గేపకముందా?"

రాజు తల దించుకున్నాడు. ఆ మూడూ పెట్టి తాళం వేసిన పెట్టె ఆమెకు ఇప్పించాడు.

దూలయ్య తాను చెక్కిన వాటిలో మంచి తెడ్డు ఏరి పడవలో పెట్టాడు. చిన్న సంచిలో అటుకులు, బెల్లం కట్టాడు. నూకాలు బయలుదేరింది.

పదకొండో రోజున పొగమంచు కమ్మింది. అందులోంచి మంచుతోనే చేసినట్టున్న ఒక రాక్షసుడు లేచి, పడవ కొసను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"పేరులేనిది ఏదైనా సరే, నా నోట్లో పడాల్సిందే! పడవలో ఏమేమున్నాయో చెప్పు గుంటా!"

"నేను నూకాల్ని. పడవ పేరు రామచిలక. తెడ్డుని మా నాన్న పెద్దోడా అని పిలుత్తాడు."

"మరి ఆ పెట్టెలోవి?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనుకుంది. తరవాత తల అడ్డంగా ఊపింది. "నాకు తెలీదు. తెలుసుకోడానికే ఎల్తున్నాను."

రాక్షసుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెయ్యేళ్ళ నుంచి ఇక్కడుంటున్నాను. తెలీదన్నది నువ్వొక్కదానివే! రాజులైతే ఏదో ఒక పేరు అక్కడికక్కడే అల్లేస్తారు. పో. కానీ నాకు ఆకలిగా ఉంది. ఆ పెట్టె, తాళం తినేస్తాను."

అన్నట్టే పెట్టెను, తాళాన్ని కరకర నమిలాడు. మూడు వస్తువుల్ని మాత్రం జాగ్రత్తగా ఆమె ఒళ్ళో పెట్టాడు. నూకాలు మొదటిసారి పచ్చరాయిని అరచేతిలోకి తీసుకుంది. చల్లగా ఉన్న రాయి కాసేపటికి ఒంటి వెచ్చదనం పట్టింది.

మరికొన్నాళ్ళకు ఒక తిమింగలం దారికి అడ్డంగా తేలింది.

"ఆ పిల్లనగ్రోవి మా వంశంవాడి ఎముక. ఊదు, విందాం" అంది.

"నాది కాదు మావా. నేనూదకూడదు. ఇచ్చినోళ్ళు ఊదమంటే అప్పుడు ఊదుతాను."

తిమింగలం కన్ను చిన్నదై, నవ్వినట్టు మెరిసింది. "మావా అన్నావు కనక చెబుతున్నాను. నేను చిమ్మిన నీళ్ళతో చెవులు కడుక్కో. ఆ దీవి మాట నీకు అర్థమవుతుంది. మాట్లాడితే వాళ్ళకీ అర్థమవుతుంది." అలా చెప్పి, దక్షిణం వైపు దారి చూపించింది.

ఆఖరి మూడు రోజులూ వాన. చలికి పళ్ళు టకటకలాడాయి. పక్కనే వెచ్చని ఈకల శాలువా ఉంది. నూకాలు దాన్ని కప్పుకోలేదు. తన గొంగళినే దానికి చుట్టి, తాను తడుస్తూ తెడ్డు వేసింది.

తీరం చేరగానే ఈటె తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి, ఒక వీరుడు ఆమె మీదికే దూకినట్టు వచ్చాడు. నాలుగడుగుల దూరంలో ఆగి, ఒక ఆకు కొమ్మను నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. వచ్చింది స్నేహానికా, పోరుకా అని అడిగే తీరు అది. నూకాలు అతని కళ్ళలోంచి చూపు తిప్పకుండా వంగి కొమ్మ అందుకుంది. వీరుడి ముఖం మెత్తబడింది. ఊరి లోపలి నుంచి ఒక ముసలమ్మ గొంతు పొడుగ్గా, పిలుపులా లేచింది. రమ్మని పిలవడమది. ఆమె పేరు హినేరంగి, ఆ ఊరికి పెద్దదిక్కు.

చెక్కిన స్తంభాల ఇంటి ముందు పరిచిన చాప మీద నూకాలు మూడు వస్తువులనూ పెట్టింది. రెండు చేతులూ జోడించింది. తరవాత మన ఊళ్ళో ఎవరైనా చేసేదే చేసింది. సంచి విప్పి అటుకులు, బెల్లం పతకం ముందు పెట్టబోయింది.

"ఆగు!" అని హినేరంగి కేకవేసింది. నూకాలు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"తప్పు చేశానా మామ్మా? మా ఊళ్ళో రోజూ రెండు పూటలా పెడుతున్నారు. పులిహోర, పాయసం..."

చుట్టూ ఉన్నవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ముసలమ్మ మాత్రం నిట్టూర్చి, సంచిని తీసి దూరంగా పంపించింది.

"మీరు ప్రేమతోనే చేశారు, అది తెలుస్తోంది. కానీ మాకు పవిత్రమైనదాని దగ్గరికి వండిన తిండి రాకూడదు. వస్తే పవిత్రత వెళ్ళిపోతుంది. మీ వర్తకుడూ అంతే. మేం చేపలకు వెళ్ళినప్పుడు వచ్చి, యజమాని లేడనుకుని వీటిని తీసుకుపోయాడు. బదులుగా అన్నం వండే కుండను ఇదే గుమ్మంలో పెట్టిపోయాడు. పాపం, నిజాయితీపరుణ్ణనుకుని ఉంటాడు!"

నవ్వాపుకోలేక ఒక వీరుడు దగ్గాడు.

"మరైతే మా పేర్లెందుకు పోతున్నాయి మామ్మా? ఇది శాపమా?"

"శాపం కాదు బిడ్డా, దిగులు. ఈ రాయి రాయి కాదు, మా అమ్మమ్మ. దీని పేరు మారామ. మెడ నుంచి మెడకు, ఒంటి వెచ్చదనంతో వస్తుంది. దీన్ని ఎవరెవరు వేసుకున్నారో వాళ్ళ పేర్లు పిలుస్తూ ఉంటేనే బతుకుతుంది. తాళం వేస్తే దాని చుట్టూ ఉన్న పేర్లన్నీ మౌనమైపోతాయి."

వాన తడికి వణుకుతున్న పిల్లనూ, గొంగళిలో పొడిగా ఉన్న శాలువానూ ఆమె మార్చి మార్చి చూసింది. దగ్గరికి వచ్చి, నుదురు నుదుటికి, ముక్కు ముక్కుకు ఆనించి ఊపిరి పీల్చింది. ఆ శాలువానే నూకాలు భుజాల మీద కప్పింది. తరవాత ఆడవాళ్ళందరూ మారామ చుట్టూ చేరి, ఊరికి తిరిగొచ్చిన మనిషిని పట్టుకుని ఏడ్చినట్టు ఏడ్చారు. హినేరంగి ఏడు తరాల పేర్లు ఒక్కొక్కటీ పిలిచింది. ఆఖరిది తన తల్లి పేరు. ఆగి, నూకాలు వైపు తిరిగింది.

"మరి మీ అమ్మ?"

"పైడితల్లి" అంది నూకాలు. అనేసి, తన నోటినే నమ్మలేక, మళ్ళీ గట్టిగా అంది. "మా అమ్మ పేరు పైడితల్లి!"

అదే క్షణాన వేలాపురిలో ఉలి పట్టుకున్న దూలయ్య ఆ పేరే పిలిచాడు. వీధివీధినా జనం గుమ్మాల్లోకి వచ్చి తమవాళ్ళ పేర్లు ఒకరికొకరు చెప్పుకున్నారు.

నూకాలు తిరిగి బయలుదేరేటప్పుడు హినేరంగి పిల్లనగ్రోవిని ఆమె చేతిలో పెట్టింది. "మారామ, శాలువా ఇక్కడే ఉంటాయి. ఇది నీకు మేమిస్తున్నది. ఊదు. ఎవరిచ్చారో చెప్పు. పాయసం మాత్రం పెట్టకు!"

నూకాలు తిరిగొచ్చి చెప్పిందంతా కీర్తిధరుడు విన్నాడు. మర్నాడు వింతలశాల తాళాలన్నీ ఆయనే స్వయంగా తీశాడు. నూకాలును శాలకు అధిపతిని చేశాడు. అడగకుండా తెచ్చినవి ఓడలెక్కి ఇళ్ళకు వెళ్ళాయి. ఇకమీదట ఏ వస్తువైనా దాని సంగతి చెప్పే మనిషితో కలిసి వస్తేనే లోపలికి రానివ్వాలని ఆమె నియమం పెట్టింది. అలా వచ్చేవాళ్ళ కోసం వంటశాల కట్టాల్సి వచ్చింది. పిల్లనగ్రోవికి దూరంగా, తోట అవతల కట్టారు.

మరుసటి ఏడు హినేరంగి ఓడ దిగింది. రేవంతా వినపడేలా నూకాలు ఆమెను పొడుగ్గా పిలిచి, ఎదురువెళ్ళి ముక్కుకు ముక్కు ఆనించింది. తరవాత రాజుగారి వంతు. కీర్తిధరుడు ముందుకు వంగాడు. కిరీటం అడ్డొచ్చింది. దాన్ని తీసి దూలయ్య చేతిలో పెట్టి, మళ్ళీ వంగాడు.