తిప్పటానికి ఏమీ లేని గోడ

గోడబిళ్ళ నమూనా నుంచి సువర్చల ఆఖరి నాబ్‌ను కూడా ఊడదీసి బల్ల మీద పెట్టింది. మొదట్లో ఆ బిళ్ళకి బోలెడు మీటలుండేవి. చలువకొకటి, వెచ్చదనానికొకటి, నిద్రకొకటి, చుట్టాలొస్తే ఒకటి. ఏది ఎందుకో తెలియక జనం అన్నీ నొక్కేసి, చివరికి రోహిణి కార్తెలో దుప్పటి కప్పుకుని వణికేవాళ్ళు. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది సువర్చల. ఇప్పుడు మిగిలింది అరచేతిలో పట్టే నున్నటి పలక. పాత నాబ్ లాగేసి, దాని ఇరుసు మీద ఈ పలక కప్పి స్క్రూలు బిగిస్తే పనైపోయినట్టే. ఇంతకంటే సులువైన వస్తువు ఉండదని ఆమెకి గర్వంగానే ఉంది. ఆ గర్వాన్ని చూసి మెచ్చుకునే మనిషే గదిలో లేడు.

మాచర్ల చలువగోపురాల్లో ఎవరి పని వాళ్ళ ఇంట్లోనే. ఎండకట్టు సైరన్ మోగిందంటే మళ్ళీ పొద్దు వాలేదాకా ఎవరూ వసారాలోకి తలుపు తెరవకూడదు. తెరిస్తే గోపురం మొత్తంలో చలువ లెక్క తప్పుతుంది. తెరిచిన ఇంటికి ఆ రోజంతా చలువ కోత. ఇళ్ళన్నిటినీ సమతాపి అనే యంత్రం చూసుకుంటుంది. మనిషి ఒంటివేడి పసిగట్టి, అడక్కముందే గాలి పంపుతుంది. ఎవరైనా చేత్తో నాబ్ తిప్పారంటే సమతాపి ఓడినట్టు లెక్క.

"గోడ మీద బిళ్ళ ఉందన్న సంగతే మనిషి మరిచిపోవాలి" అంటుంటాడు చలువ మండలిలో ఆమె పై అధికారి త్రివిక్రమ్, తెరలోంచి. ఈ పూట సువర్చల నమూనా మీద ముద్ర వేసి పంపితే ఇక గోపురాలన్నిటికీ పలకలే. ఒక్కటే చిక్కు. నాలుగో గోపురంలో మస్తాన్‌బీ అనే ఆవిడ రోజంతా నాబ్ తిప్పుతూనే ఉంటుంది. కాస్త కుడికి జరిపి వెంటనే వెనక్కి తెస్తుంది. చలువలో మార్పేమీ ఉండదు. మండలి దీనికి అకారణ తాకిడి అని పేరు పెట్టింది. సైరన్ లోపు వెళ్ళి ఆవిడ గోడకి పలక బిగించి రమ్మన్నాడు త్రివిక్రమ్. సువర్చల పలకనీ, నాబ్‌నీ, స్క్రూడ్రైవర్‌నీ సంచిలో వేసుకుని బయల్దేరింది.

అకారణ తాకిడి అంటే ఏమిటో ఆమెకి బాగానే తెలుసు. ఇక్కడ రెండేసి ఇళ్ళకి ఒకటే చలిగొట్టం. ఒక ఇంట్లో నాబ్ తిప్పితే రెండో ఇంటి గోడ టక్కుమంటుంది. సైరన్ మోగిన కాసేపటికి, సరిగ్గా పనిలో మునిగే వేళకి, సువర్చల గోడ రోజూ టక్కుమనేది. ఆమె ఫిర్యాదు చేసింది. మళ్ళీ చేసింది. అసలు నాబ్ తీసేద్దామన్న ఆలోచన మండలిలో పుట్టింది ఆ ఫిర్యాదులతోనే. నమూనా పూర్తి కాకముందే, ప్రయోగానికని మొట్టమొదటి పలకని ఆమె పక్కింట్లోనే బిగించి చూశారు. ఆనాటి నుంచి గోడ నోరు మూసుకుంది. ఇక ప్రాణం హాయిగా ఉంటుందనుకుంది సువర్చల. ఉండలేదు. సైరన్ మోగాక చెవి దానంతటదే గోడ వైపు పోతోంది. అలవాటు తప్పడం, అంతేలే అని సర్దిచెప్పుకుంది.

మస్తాన్‌బీ ఒకప్పుడు బస్సు కండక్టరు. ఇప్పుడు ఒంటరి మనిషి. మంచినీళ్ళిచ్చి, పలకని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో చేత్తో పట్టుకోడానికి ఏముందని అడిగింది. పట్టుకోనక్కర్లేకపోవడమే దాని గొప్ప అని సువర్చల ఓపిగ్గా చెప్పింది. మరి మీరు నాబ్ ఎందుకు తిప్పుతుంటారని అడిగింది.

మస్తాన్‌బీ లేచి నాబ్‌ని కాస్త జరిపి వదిలింది. కొంచెం ఆగి గోడ టక్కుమంది.

"రవణమ్మ. పక్కింటామె" అంది మస్తాన్‌బీ. "లేచిందన్నమాట."

"ఫోన్ చేసుకోవచ్చు కదండీ?"

"ఫోన్ చేస్తే మాట కావాలి గదమ్మా. రోజూ ఏం మాట్లాడతాం? కూరేందంటే నిన్నటిదే. దీనికి మాటలక్కర్లా. నేనున్నా, నువ్వున్నావా అని. అంతే."

గోపురాల్లో చాలామంది ఇంతేనట. పక్కింట్లో కొత్తవాళ్ళు దిగితే ముందు పాతవాళ్ళు తిప్పుతారు. గోడ టక్కుమంటే అవతలివాళ్ళు తిరిగి తిప్పాలి. తిప్పలేదంటే, ఎండకట్టయినా సరే, కోత పడినా సరే, వెళ్ళి తలుపు కొట్టాల్సిందే. పోయినేడు స్నానాలగదిలో జారిపడిన రవణమ్మ అట్లా దక్కిందేనని మస్తాన్‌బీ చెప్పుకొచ్చింది.

"మీ గోడ కొట్టదా అమ్మాయ్?" అని మామూలుగానే అడిగింది.

సువర్చలకి గుర్తొచ్చింది. తను గోపురంలో దిగిన కొత్తల్లో ఒక మిట్టమధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే, వడగాలికి ముఖం కందిపోయిన పెద్దాయన. "బాగానే ఉన్నారా అమ్మా?" అన్నాడు. ఏం కావాలని అడిగింది తను. ఏం లేదని వెళ్ళిపోయాడు. తిక్కమనిషేమో అనుకుని గడియ పెట్టుకుంది. పక్కింటి తలుపు మీద కోటిలింగం అన్న పేరు చూసింది గానీ ఆ ముఖం మళ్ళీ చూడలేదు. ఆ పక్కింటాయనే, తన నుంచి జవాబు రాలేదని వచ్చి, ఒక రోజు చలువ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా, జవాబు రాదని తెలిసి కూడా, రోజూ తిప్పుతూనే ఉన్నాడు. తనేమో దాన్ని చప్పుడని ఫిర్యాదు చేసింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది ఆమెకి. పలక బిగించకుండానే లేచి వచ్చేసింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి సైరన్ మోగింది. ముద్ర ఏమైందని త్రివిక్రమ్ తెర మీదికి వచ్చాడు. నాబ్ ఉండాలని చెప్పింది సువర్చల. జనానికి రెండు రోజుల్లో అలవాటైపోతుందని, నీ గోడనే చూడు ఎంత నిశ్శబ్దంగా ఉందోనని అతను నచ్చజెప్పబోయాడు.

"ఉందండీ. అందుకే నాకు భయంగా ఉంది" అని ఆమె తెర ఆపేసింది.

నిజంగానే భయం వేసింది. పలక బిగించాక పక్కింటాయన ఎలా ఉన్నాడో ఎవరికి తెలుసు? అంతకుముందు రోజుకొకసారి ఆయన తన గోడలో టక్కుమని, ఉన్నానని చెప్పేవాడు. ఆ నోరు నొక్కింది తనే.

తన గోడ నాబ్‌ని ఆమె ఏనాడూ ముట్టుకోలేదు. అది బిర్రబిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా పట్టి తిప్పింది. అవతల టక్కుమంది. నిలబడి విన్నది. జవాబు రాదని తెలుసు, రాకుండా చేసింది తానే. అయినా నిలబడింది. ఇంకోసారి తిప్పింది. ఏమీ లేదు. జవాబు రాకపోతే ఏం చేయాలో పొద్దున్నే తెలుసుకుంది కదా. సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గరికి నడిచింది.

"ఎండకట్టు" అంది సమతాపి. "కారణం చెప్పండి. అగ్ని, అనారోగ్యం, మరమ్మతు."

"పక్కింటికి."

"ఆ కారణం లేదు."

సువర్చల గడియ తీసింది. వసారాలో గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు ముఖాన కొట్టింది. వెనక తెరిచిన తలుపులోంచి చలువంతా బయటికి పోతుంటే, కింద ఎక్కడో ఫ్యాన్లు గొంతు పెంచాయి. కోటిలింగం తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. ఈసారి గుప్పిట బిగించి బాదింది.

చాలాసేపటికి గడియ చప్పుడైంది. పెద్దాయన గుమ్మంలో నిలబడి, ఆనవాలు పట్టడానికన్నట్టు ఆమెని చూశాడు. చిక్కిపోయాడు.

"బాగానే ఉన్నారా?" అంది సువర్చల.

ఆయన వెనక్కి తిరిగి గోడ వైపు చూశాడు. అక్కడ ఆమె పలక నున్నగా మెరుస్తోంది. చుట్టూ సున్నం మీద వేళ్ళు రాసి రాసి నల్లటి మరక కట్టింది.

"విన్నానమ్మా" అన్నాడు. "తిరిగి కొడదామనే లేచాను. తిప్పటానికి ఇక్కడేం లేదు."

రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. కారణం చెప్పమని సమతాపి రెండిళ్ళలోంచీ అడుగుతూనే ఉంది. గోపురం నిండా ఫ్యాన్ల రొద. సువర్చల లోపలికి రావచ్చా అని అడిగి, సంచిలోంచి నాబ్, స్క్రూడ్రైవర్ బయటికి తీసింది.